లినక్స్ సర్వర్‌లో ర్యామ్ ఎక్కడికి పోతోంది?

8 జీబీ ర్యామ్ ఉన్న వెబ్ సర్వర్ ఒకటి తీసుకుందాం. పేజీలు అందించే ఇంజిన్‌ఎక్స్, సైటు కోడ్ నడిపే పీహెచ్‌పీ, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, ర్యామ్‌లోనే డేటా ఉంచే రెడిస్ నాలుగూ దానిమీదే నడుస్తున్నాయి. లాగిన్ అయి ‘ఫ్రీ -ఎం’ కొడితే ఈ అంకెలు వచ్చాయి: టోటల్ 7940, యూజ్డ్ 3310, ఫ్రీ 212, షేర్డ్ 164, బఫ్/క్యాష్ 4418, అవైలబుల్ 4190. అన్నీ మెగాబైట్లే. ఇదే సమయానికి మానిటరింగ్ గ్రాఫ్ 97 శాతం దగ్గర ఎర్రబడి ఉంది. సైటు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది.

ఈ అంకెల్ని చూసి చేసే తప్పులు రెండున్నాయి. మొదటిది భయంతో చేసేది. ఫ్రీ కింద 212 మాత్రమే ఉందని కంగారుపడి, గంటకోసారి క్యాష్‌ను ఖాళీ చేసే లైనొకటి క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపే పట్టికలో) పెట్టేస్తారు. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో చేతులు మారిన పాత సర్వర్లను వెతికితే ఆ లైను ఇప్పటికీ దొరుకుతుంది. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే చెప్పేవారు ఉండరు. రెండో తప్పు ధీమాతో చేసేది. ‘క్యాష్‌లో ఉన్నదంతా ఖాళీ కిందే లెక్క, కావాలంటే కెర్నల్ వదిలేస్తుంది’ అన్న మాట ఒకటి (కెర్నల్ అంటే ర్యామ్, డిస్క్‌లను పంచిపెట్టే లినక్స్ మూల ప్రోగ్రామ్) నేర్చుకుని, ఆ 4418 మెగాబైట్లనూ పీహెచ్‌పీ వర్కర్లకు, అంటే అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రాసెస్‌లకు, పంచిపెట్టేస్తారు. మొదటి తప్పు సైటును కాసేపు నెమ్మదింపజేస్తుంది. రెండోది రద్దీ వేళ సర్వర్‌నే పడగొడుతుంది. మొదటిదాని గురించి హెచ్చరించేవాళ్లు చాలామందే ఉన్నారు కాబట్టి, ఇక్కడ రెండోదాని మీదే ఎక్కువసేపు ఆగుదాం.

పేజ్ క్యాష్ చేసే పని

ఒక ప్రోగ్రామ్ ఫైల్ చదవమని అడిగితే కెర్నల్ దాన్ని 4 కేబీ పేజీలుగా డిస్క్ నుంచి ర్యామ్‌లోకి తెస్తుంది. ప్రోగ్రామ్‌కు అందేది ఆ ర్యామ్ నుంచే. చదవడం అయిపోయాక ఆ పేజీలను పారేయదు, అక్కడే ఉంచుతుంది. ఇంకో అభ్యర్థన అదే ఫైల్‌ను అడిగితే డిస్క్ జోలికి వెళ్లే పని లేదు. దీన్నే పేజ్ క్యాష్ అంటారు. బేగంబజార్‌లో హోల్‌సేల్ కొట్టును గుర్తు తెచ్చుకోండి. తరచూ అమ్ముడుపోయే సరుకు ముందు అరల్లో ఉంటుంది, మిగతాది వెనక సందులో గోదాములో. అరలన్నీ నిండి ఉన్నాయని ఏ సేఠూ బెంగపెట్టుకోడు.

గోదాముకు వెళ్లిరావడానికి ఎంత పడుతుందో చూస్తే క్యాష్ విలువ తెలుస్తుంది. ర్యామ్ నుంచి చదవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. మంచి ఎన్‌వీఎంఈ డిస్క్‌కు (వేగమైన ఎస్ఎస్‌డీ రకం) 100 మైక్రోసెకన్ల చుట్టుపక్కల, అంటే దాదాపు వెయ్యి రెట్లు. క్లౌడ్‌లో నెట్‌వర్క్ మీదుగా అందే డిస్క్‌కు మిల్లీసెకన్ దరిదాపు. పాత తిరిగే హార్డ్‌డిస్క్‌కైతే 8 నుంచి 10 మిల్లీసెకన్లు, అంటే లక్ష రెట్లు. ఒక వర్డ్‌ప్రెస్ పేజీ తయారవడానికి వందల ఫైళ్లు తెరుచుకుంటాయి. అందులో పదో వంతు డిస్క్ దాకా వెళ్లినా చూసేవాడికి తేడా తెలిసిపోతుంది.

క్యాష్‌లో ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చడానికి కెర్నల్ మామూలుగా రెండు జాబితాలు పెట్టుకుంటుంది: యాక్టివ్, ఇనాక్టివ్. మొదటిసారి చదివిన పేజీ ఇనాక్టివ్‌లోకి వస్తుంది, మళ్లీ ఎవరైనా అడిగితే యాక్టివ్‌కు ఎక్కుతుంది. చోటు కావాల్సి వస్తే ముందు పోయేది ఇనాక్టివ్ చివర ఉన్నదే. రాత్రి బ్యాకప్ 80 జీబీ ఫైళ్లను ఒక్కసారి చదివి వెళ్లిపోయినా, రోజంతా వాడే పేజీలు చాలావరకు నిలబడేది ఇందువల్లే. 6.1 కెర్నల్ నుంచి రెండు జాబితాల బదులు అనేక తరాలుగా విభజించే పద్ధతి కూడా వచ్చింది. ఉద్దేశం మాత్రం అదే.

ఏ నిలువు వరుసను నమ్మాలి

ఫ్రీ అంటే ఎవరూ ముట్టుకోని ర్యామ్. కొన్ని రోజులు నడిచిన సర్వర్‌లో ఇది తక్కువగా ఉండటమే సహజం. చూడాల్సింది అవైలబుల్. స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు పేజీలను తోసే డిస్క్ చోటులోకి) దిగకుండా కొత్త ప్రోగ్రామ్‌లకు ఎంత ఇవ్వగలనో కెర్నల్ తనే వేసుకునే అంచనా ఇది. ఫ్రీకి తోడు ఫైళ్ల క్యాష్, తిరిగి వదలగల స్లాబ్ (కెర్నల్ తన సొంత వివరాలు ఉంచుకునే మెమొరీ) కలిపి, వాటిలో కొంత భాగాన్నీ కెర్నల్ తన అవసరానికి పక్కన పెట్టుకునే నిల్వనూ తీసేసి లెక్క కడుతుంది. రెడ్ హ్యాట్‌లో పనిచేసిన రిక్ వాన్ రీల్ రాసిన ఈ మార్పు 2014లో 3.14 కెర్నల్‌తో వచ్చింది. అంతకు ముందు అందరూ ఫ్రీ, బఫర్స్, క్యాష్డ్ మూడూ చేత్తో కూడుకునేవారు. ఆ కూడిక అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే, ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

యూజ్డ్ విషయంలో ఒక మెలిక ఉంది. ‘ఫ్రీ’ కమాండ్ పాత వెర్షన్లు టోటల్ నుంచి ఫ్రీనీ, బఫ్/క్యాష్‌నూ తీసేసి యూజ్డ్ చూపిస్తాయి. మన ఉదాహరణలో 3310 అలా వచ్చిందే. కొత్త వెర్షన్లు టోటల్ నుంచి అవైలబుల్‌ను తీసేస్తాయి, అప్పుడు అదే సర్వర్ 3750 చూపిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు ‘మెమొరీ 440 ఎంబీ పెరిగింది’ అని టికెట్ వస్తే ముందు చూడాల్సింది ఇదే.

క్లౌడ్ వాడేవారికి ఇంకో మాట. అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. అక్కడైనా మరే రీజియన్‌లోనైనా, సర్వర్ లోపలి ర్యామ్ వాడకం అమెజాన్ మానిటరింగ్ సేవ క్లౌడ్‌వాచ్‌లో దానంతట అది కనిపించదు, అంకెలు పంపే ఏజెంట్ ప్రోగ్రామ్ వేసుకోవాలి. ఏ ఏజెంట్ వేసినా, దాని ‘మెమొరీ శాతం’ ఏ సూత్రంతో వస్తోందో ఒకసారి చూసుకోండి. ఫ్రీ ఆధారంగా లెక్కేసే అలర్ట్ రోజూ మోగుతుంది. రోజూ మోగే అలర్ట్‌ను నెల తిరక్కుండానే ఎవరూ పట్టించుకోరు.

క్యాష్ ఖాళీ చేస్తే ఏమవుతుంది

డ్రాప్ క్యాషెస్ అనే కెర్నల్ మీటకు 1 రాస్తే పేజ్ క్యాష్ పోతుంది, 2 రాస్తే ఫైళ్ల పేర్లు, ఐనోడ్ల (ఫైళ్ల వివరాల) స్లాబ్ క్యాష్, 3 రాస్తే రెండూ. డిస్క్‌కు ఇంకా చేరని డర్టీ పేజీలను ఇది ముట్టుకోదు కాబట్టి డేటా పోదు. క్యాష్ పెరుగుదలను అదుపు చేయడానికి ఇది సాధనం కాదని కెర్నల్ పత్రాలే చెబుతున్నాయి. డిస్క్ వేగం కొలిచేటప్పుడు, ప్రతి పరీక్షా చల్లని, అంటే ఖాళీ క్యాష్‌తో మొదలవ్వాలంటే వాడుకోవచ్చు. నడుస్తున్న సర్వర్‌లో దానికి పని లేదు.

నష్టం ఎంతో లెక్క వేద్దాం. అమెజాన్ జీపీ3 డిస్క్ అదనంగా ఏమీ కొనకపోతే సెకనుకు 3,000 ఆపరేషన్లు, 125 ఎంబీ ఇస్తుంది. 4 జీబీ క్యాష్‌ను ఖాళీ చేశాక మళ్లీ నింపడానికి, అంతా వరసగా చదివే అదృష్టం ఉంటే 33 సెకన్లు. వెబ్ సర్వర్‌లో చదువులు అలా వరసగా ఉండవు. ఒక్కో 4 కేబీ పేజీ విడివిడిగా రావాల్సి వస్తే దాదాపు 10.5 లక్షల ఆపరేషన్లు, సుమారు 350 సెకన్లు. ముందస్తు చదువు (అడగకముందే తర్వాతి పేజీలనూ తెచ్చుకోవడం) వల్ల నిజంలో ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ నిమిషాల్లో డిస్క్ వరుస నిండిపోయి, డేటాబేస్ రాతలు కూడా అదే వరసలో నిలబడతాయి. ప్రతి గంటకూ ఠంచనుగా సైటు మందగిస్తోందంటే ముందు క్రాన్ పట్టిక తెరవండి.

వెనక్కి రాని క్యాష్

ఇక రెండో తప్పు. బఫ్/క్యాష్ కింద కనిపించేదంతా ఒకే రకం కాదు.

అందులో మొదటిది షేర్డ్ మెమొరీ. టీఎంపీఎఫ్ఎస్‌లో (ర్యామ్‌లోనే ఉండే ఫైల్ సిస్టమ్‌లో) పెట్టిన ఫైళ్లు, ప్రోగ్రామ్‌లు పంచుకునే మెమొరీ క్యాష్ లెక్కలోనే కలిసిపోతాయి. కానీ వాటికి డిస్క్ మీద మరో ప్రతి లేదు, కాబట్టి కెర్నల్ వాటిని పారేయలేదు. స్వాప్ ఉంటే అక్కడికి తోస్తుంది, లేకపోతే అలాగే మోస్తుంది. ‘ఫ్రీ’ చూపించే షేర్డ్ అంకె ఇదే. మన సర్వర్‌లో 164 ఎంబీ అంటే పెద్దదేమీ కాదు. అందులో ఎక్కువ భాగం పీహెచ్‌పీ ఆప్‌క్యాష్ (సిద్ధం చేసిన కోడ్‌ను వర్కర్లందరికీ ఉమ్మడిగా ఉంచే చోటు), దాని డిఫాల్ట్ 128 ఎంబీ. అయితే ఇంజిన్‌ఎక్స్ క్యాష్ ఫోల్డర్‌ను ‘వేగంగా ఉంటుంది’ అని టీఎంపీఎఫ్ఎస్‌కు మార్చేవారు చాలామంది. దానివల్ల దాదాపు ఏమీ ఒరగదు. మామూలు డిస్క్ మీద ఉన్న క్యాష్ ఫైలు ఒకసారి చదివాక పేజ్ క్యాష్‌లోనే ఉంటుంది, ఇంజిన్‌ఎక్స్‌లో సెండ్‌ఫైల్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అక్కడి నుంచే నేరుగా నెట్‌వర్క్‌కు పోతుంది. టీఎంపీఎఫ్ఎస్‌కు మార్చడం ద్వారా మీరు చేసిందల్లా, అవసరమైతే వదలగలిగే ర్యామ్‌ను వదల్లేని ర్యామ్‌గా మార్చడం. పైగా సైజు పరిమితి ఇవ్వకపోతే టీఎంపీఎఫ్ఎస్ మొత్తం ర్యామ్‌లో సగం దాకా పెరుగుతుంది.

రెండోది డర్టీ పేజీలు, అంటే రాశారు కానీ ఇంకా డిస్క్‌కు చేరనివి. కెర్నల్ 5 సెకన్లకోసారి లేచి చూసి, 30 సెకన్లు దాటినవాటిని డిస్క్‌కు పంపుతుంది. డర్టీ పేజీలు అందుబాటులో ఉన్న మెమొరీలో 10 శాతం దాటితే వెనకనుంచి రాయడం మొదలవుతుంది, 20 శాతానికి చేరితే రాసే ప్రోగ్రామ్‌నే ఆపి కూర్చోబెడుతుంది. చిన్న సర్వర్‌లో ఇది సమస్య కాదు. కానీ 50 జీబీ అందుబాటులో ఉన్న సర్వర్‌లో 20 శాతం అంటే 10 జీబీ. సెకనుకు 125 ఎంబీ రాసే డిస్క్‌కు అది 80 సెకన్ల పని. ఎవరో పెద్ద వీడియో ఫైళ్లు ఎక్కించగానే డేటాబేస్ కమిట్లన్నీ నిమిషంపైగా బిగుసుకుపోయే వింతకు కారణం ఇదే. పెద్ద ర్యామ్ ఉంటే శాతాలు వదిలేసి డర్టీ బైట్స్‌ను 512 ఎంబీకీ, డర్టీ బ్యాక్‌గ్రౌండ్ బైట్స్‌ను 128 ఎంబీకీ పెట్టి మొదలుపెట్టడం మంచిది. బైట్లు ఇవ్వగానే వాటికి సంబంధించిన శాతం దానంతట అదే సున్నా అవుతుంది.

స్లాబ్‌ది ఇంకో కథ. ఫైల్ పేర్లకు డెంట్రీలు, ఫైల్ వివరాలకు ఐనోడ్లు ర్యామ్‌లో ఉంటాయి. ఒక్కో డెంట్రీ 192 బైట్లు, ఈఎక్స్‌టీ4 ఐనోడ్ సుమారు 1 కేబీ. పీహెచ్‌పీ సెషన్ ఫైళ్లు శుభ్రం కాక 10 లక్షలు పోగుపడి, వాటిని ఏదో ప్రోగ్రామ్ రోజూ తిరగేస్తుంటే 1.2 జీబీ ర్యామ్ అందులోకే పోతుంది. ‘స్లాబ్‌టాప్’ కొడితే తెలిసిపోతుంది. ఇది చాలావరకు వెనక్కి వచ్చేదే. అయినా ఫైళ్లను తగ్గించడమే మందు.

నాలుగోది అన్నింటికన్నా ముఖ్యం, దీన్ని ఎవరూ క్యాష్‌గా ఊహించరు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల కోడ్ కూడా పేజ్ క్యాష్‌లోనే ఉంటుంది. మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ, వాటి లైబ్రరీలు, చివరికి దూరం నుంచి మీరు లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ కూడా డిస్క్ మీది ఫైళ్లే. ర్యామ్ బిగిసిపోయినప్పుడు కెర్నల్ ఈ పేజీలను కూడా పారేస్తుంది, డిస్క్ మీద ప్రతి ఉంది కదా. మరుక్షణం ఆ కోడ్ నడవాలి, మళ్లీ డిస్క్ నుంచి తేవాలి, దానికి చోటు కోసం ఇంకో ప్రోగ్రామ్ కోడ్‌ను పారేయాలి. ఇలా తిరగడమే థ్రాషింగ్. స్వాప్ తీసేస్తే థ్రాషింగ్ ఉండదనుకోవడం పొరపాటు. స్వాప్ లేని సర్వర్‌లో కెర్నల్‌కు వదిలించుకోవడానికి మిగిలేది ఫైల్ పేజీలే కాబట్టి ఇది ఇంకా తీవ్రంగా ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డ్ కొట్టి రెండు నిమిషాలు చూసినా ప్రాంప్ట్ రాకపోవడం, స్వాప్ లేకపోయినా డిస్క్ రీడ్ గ్రాఫ్ ఆకాశాన్ని అంటడం దీని గుర్తులు.

అందుకే అవైలబుల్ 4190 అని ఉంటే, 4190 ఎంబీ ఖర్చు పెట్టేసుకోవచ్చని కాదు. అందులో సైటు రోజూ తాకే భాగం ఎంతుందో అంత వదిలిపెట్టాలి. ఆ భాగం సైటును బట్టి మారుతుంది. పరీక్షా ఫలితాలిచ్చే సైటు అనుకోండి, 3 లక్షల మంది విద్యార్థులు, ఒక్కొక్కరికి 500 బైట్ల రికార్డు. మొత్తం 150 ఎంబీ, ఇండెక్సులతో కలిపినా 300 ఎంబీ లోపే. ఫలితాల రోజు ఎంత రద్దీ వచ్చినా డేటా మొత్తం ర్యామ్‌లో పడుతుంది, డిస్క్‌కు పనే ఉండదు. అక్కడ కరువయ్యేవి వర్కర్లూ, డేటాబేస్ కనెక్షన్లే. 200 జీబీ ఫొటోలున్న వార్తల సైటుది వేరే లెక్క. ఈ వారం ఫొటోలు క్యాష్‌లో పడితే చాలు, కానీ పాత పేజీలన్నీ తవ్వే క్రాలర్ వచ్చిందంటే డిస్క్ మోగిపోతుంది.

మీ సైటుకు ఎంత క్యాష్ చాలో కనుక్కోవడానికి రద్దీ సమయంలో ‘ఐఓస్టాట్ -ఎక్స్ 1’ పెట్టి డిస్క్ రీడ్స్ చూడండి. బాగా వేడెక్కిన, అంటే క్యాష్ నిండిన సర్వర్‌లో అవి సున్నాకు దగ్గరగా ఉంటే ఉన్న క్యాష్ సరిపోతోంది. ఒక ఫైల్ ఎంతవరకు క్యాష్‌లో ఉందో ‘ఫిన్‌కోర్’ చెబుతుంది.

వర్కర్ల సంఖ్య ఎలా తేల్చాలి

పీహెచ్‌పీ వర్కర్లను నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎంలో మ్యాక్స్ చిల్డ్రన్ (వర్కర్ల గరిష్ఠ సంఖ్య) ఎంత పెట్టాలన్నది అమీర్‌పేట క్లాసుల్లోనూ, ఇంటర్వ్యూల్లోనూ అడిగే ప్రశ్నే. ‘మొత్తం ర్యామ్‌ను ఒక వర్కర్ సైజుతో భాగించాలి’ అన్నది దొరికే జవాబు. భాగించడం సరే, ఏ సైజుతో అన్నదే తేలాలి.

‘పీఎస్’ కమాండ్ చూపించే ఆర్ఎస్ఎస్‌లో (ఒక ప్రాసెస్ ర్యామ్‌లో ఉంచుకున్న మొత్తంలో), ఆ వర్కర్ తాకిన ఆప్‌క్యాష్, లైబ్రరీలు కూడా కలుస్తాయి. అవి అందరూ పంచుకునేవే, అయినా ప్రతి వర్కర్ ఖాతాలోనూ మళ్లీ మళ్లీ పడతాయి. ఒక వర్కర్ ఆర్ఎస్ఎస్ 120 ఎంబీ అనుకుంటే, అందులో ఆప్‌క్యాష్ 50, లైబ్రరీలు 15, సొంతంగా తీసుకున్నది 55 ఉండొచ్చు. ఇంకో వర్కర్ పుడితే నిజంగా ఖర్చయ్యేది ఆ 55 మాత్రమే. ప్రాక్ (కెర్నల్ తన వివరాలు చూపించే ఫోల్డర్) కింద ఆ ప్రాసెస్ ఫోల్డర్‌లో ‘స్మాప్స్_రోలప్’ ఫైలు తెరిచి ప్రైవేట్ క్లీన్, ప్రైవేట్ డర్టీ కలిపితే ఈ అంకె వస్తుంది. స్వాప్ వాడుతుంటే ఆ వరసనూ కలపండి. అప్పుడే పుట్టిన వర్కర్‌ను కొలవకండి. కొన్ని వందల అభ్యర్థనలు చూసిన నాలుగైదు వర్కర్లను కొలిచి పెద్దదాన్ని తీసుకోండి.

మన 7940 ఎంబీ ఇలా పంచుదాం. మైఎస్‌క్యూఎల్ తన డేటాను ఉంచుకునే సొంత క్యాష్, బఫర్ పూల్‌కు 2 జీబీ ఇచ్చాం. బఫర్ పూల్ అడిగినదానికంటే సుమారు 10 శాతం ఎక్కువే తీసుకుంటుంది, కనెక్షన్లూ మిగతావీ కలిపి ఆ ప్రాసెస్‌కు 2600. ఆపరేటింగ్ సిస్టమ్, జర్నల్, మానిటరింగ్ ఏజెంట్‌కు 400. ఇంజిన్‌ఎక్స్‌కు 60. ఆప్‌క్యాష్‌కు 128. రెడిస్‌కు 256. పేజ్ క్యాష్ కోసం 1500, దీన్ని ఎవరికీ ఇవ్వకూడదు. మిగిలింది 2996. వర్కర్‌కు 55 చొప్పున 54 వస్తాయి. కొంచెం వెసులుబాటు ఉంచుకుని 45 పెట్టండి. ఆర్ఎస్ఎస్‌ను నమ్మి 120తో భాగిస్తే 24తోనే ఆగిపోయి ర్యామ్ ఉండగానే జనాన్ని వరసలో నిలబెట్టేవారు. అసలు లెక్కే వేయకుండా 150 పెడితే, వర్కర్లకే 8 జీబీ దాటిపోతుంది.

45 వర్కర్లూ ఒకేసారి పీహెచ్‌పీ మెమొరీ లిమిట్ (ఒక్కో అభ్యర్థన వాడగల గరిష్ఠ మెమొరీ) 128 ఎంబీని తాకితే 5760 అవుతుంది కదా అనొచ్చు. అవుతుంది. మెమొరీ లిమిట్ పైకప్పు మాత్రమే, మామూలుగా అందరూ ఒకేసారి అక్కడికి చేరరు. పెద్ద రిపోర్టులు, ఎక్సెల్ డౌన్‌లోడ్‌లు, ఫొటోల కుదింపు లాంటి బరువైన పనులు ఉంటే వాటికి వేరే పూల్ పెట్టి, అందులో 3 లేదా 4 వర్కర్లే ఇవ్వండి. ఉబ్బుతూ పోయే వర్కర్లకు మ్యాక్స్ రిక్వెస్ట్స్ 500 పెడితే అన్ని అభ్యర్థనల తర్వాత పాతది పోయి కొత్తది వస్తుంది.

సంఖ్య ఎక్కువ పెట్టినప్పుడు సర్వర్ పడిపోయే తీరు ప్రతిసారీ దాదాపు ఒకటే. రద్దీ పెరుగుతుంది, కొత్త వర్కర్లు పుడతాయి, పేజ్ క్యాష్ కుంచించుకుపోతుంది. డిస్క్ రీడ్స్ పెరిగి ప్రతి అభ్యర్థనా ఆలస్యమవుతుంది. ఆలస్యమవుతున్న కొద్దీ ఎక్కువ వర్కర్లు ఏకకాలంలో చిక్కుకుంటాయి కాబట్టి ఇంకా వర్కర్లు పుడతాయి. చివరికి ర్యామ్ అయిపోయినప్పుడు ఏదో ఒక ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం, ఓఓఎం కిల్లర్ దిగుతుంది. అది ఎవరు ఎక్కువ ర్యామ్, స్వాప్ పట్టుకున్నారో చూసి ఎంచుకుంటుంది, ఈ సర్వర్‌లో అది మైఎస్‌క్యూఎలే. కెర్నల్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమొరీ: కిల్డ్ ప్రాసెస్’ పక్కన మైఎస్‌క్యూఎల్ పేరు చూసి, దాని బఫర్ పూల్ తగ్గించి, వర్కర్లను అలాగే వదిలేస్తారు. మరుసటి వారం అదే కథ. చచ్చినవాడి పేరు చూసి తప్పు అతనిదే అనుకోకూడదు. అదే లాగ్‌లో కొంచెం పైన ఆ క్షణాన నడుస్తున్న ప్రాసెస్‌ల పట్టిక ఉంటుంది, పీహెచ్‌పీ ఎన్ని వరసలుందో లెక్కపెట్టండి. మైఎస్‌క్యూఎల్ సర్వీస్‌కు సిస్టమ్‌డీలో (సర్వీసులను నడిపే ప్రోగ్రామ్‌లో) ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ -500 ఇస్తే దెబ్బ వర్కర్ల మీద పడుతుంది, డేటాబేస్ బతుకుతుంది. అది నష్టాన్ని తగ్గిస్తుందే తప్ప వర్కర్ల సంఖ్యను సరిచేయదు.

డేటాబేస్ దగ్గర ఒకే డేటా రెండుసార్లు ర్యామ్‌లో కూర్చునే ప్రమాదం ఉంది, బఫర్ పూల్‌లో ఒకటి, పేజ్ క్యాష్‌లో ఒకటి. మైఎస్‌క్యూఎల్‌లో ఇన్నోడీబీ ఫ్లష్ మెథడ్‌ను ఓ_డైరెక్ట్‌గా పెడితే డేటా ఫైళ్లు పేజ్ క్యాష్‌ను దాటుకుని పోతాయి. మైఎస్‌క్యూఎల్ 8.4 నుంచి లినక్స్‌లో ఇదే డిఫాల్ట్, 8.0లో చేత్తో పెట్టాలి. బఫర్ పూల్ డిఫాల్ట్ 128 ఎంబీ మాత్రమే, దాన్ని పెంచకుండా వదిలేసిన సర్వర్లు ఎన్నో. ఇంకో డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ దారి వేరు. అది పేజ్ క్యాష్‌ను నమ్ముకునే తయారైంది, కాబట్టి షేర్డ్ బఫర్స్‌కు ర్యామ్‌లో 25 శాతం ఇచ్చి మిగతాది కెర్నల్‌కు వదలాలి. రెడిస్ స్నాప్‌షాట్ తీసేటప్పుడు ఫోర్క్ అవుతుంది, అంటే తన నకలు ప్రాసెస్‌ను పుట్టిస్తుంది. ఆ సమయంలో రాతలు ఎక్కువగా ఉంటే పేజీలు రెండు ప్రతులవుతూ పోయి, దాని వాడకం రెట్టింపు దాకా చేరొచ్చు. 256 కేటాయించినప్పుడు ఇది మనసులో ఉండాలి.

కంటెయినర్లలో (సొంత పరిమితితో ప్రోగ్రామ్‌లను విడిగా నడిపే పెట్టెల్లో) నడిపేవారికి ఇదే లెక్క చిన్న గదిలో జరుగుతుంది. కంటెయినర్ చదివిన, రాసిన ఫైళ్ల క్యాష్ కూడా దాని పరిమితిలోకే వస్తుంది. లాగ్‌లు దండిగా రాసే కంటెయినర్ 95 శాతం చూపించడం మామూలే. పరిమితికి చేరగానే ముందు క్యాష్ పోతుంది, అది చాలకపోతేనే లోపల ప్రాసెస్ చస్తుంది. ‘మెమొరీ.స్టాట్’ ఫైలులో అనాన్ (ఫైళ్లతో సంబంధం లేని, ప్రాసెస్‌ల సొంత మెమొరీ) అనే వరస పరిమితికి ఎంత దగ్గరగా ఉందో అదే చూడండి.

స్వాప్, గడియారం

వెబ్ సర్వర్‌కు 1 లేదా 2 జీబీ స్వాప్ ఉంచడమే మంచిది. బూట్ అప్పుడు వాడి మళ్లీ ముట్టని పేజీలు అందులోకి పోయి, ఆ చోటు పేజ్ క్యాష్‌కు దక్కుతుంది. స్వాప్‌లో 400 ఎంబీ ఉంది అన్నంతమాత్రాన కంగారు అక్కర్లేదు. ‘విఎంస్టాట్ 1’ పెట్టి ఎస్ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌కు వచ్చేది), ఎస్ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌కు పోయేది) నిలువు వరుసలు చూడండి. మొదటి వరస బూట్ అయినప్పటి నుంచి సగటు కాబట్టి దాన్ని వదిలేయాలి. తర్వాతి వరసల్లో రెండూ సున్నాల దగ్గర ఉంటే స్వాప్ నిద్రలో ఉంది. ఎస్ఐ, ఎస్ఓ రెండూ ఆగకుండా కదులుతుంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. కెర్నల్ స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే స్వాపీనెస్ డిఫాల్ట్ 60. డేటాబేస్ ఉన్న సర్వర్‌లో 10కి తగ్గించడం సబబే, సున్నా మాత్రం వద్దు.

హైదరాబాద్‌లో కూర్చుని క్లౌడ్ సర్వర్ నడిపేవారు తప్పక చూసుకోవాల్సింది టైమ్‌జోన్. క్లౌడ్ ఇమేజ్‌లు మామూలుగా యూటీసీలో ఉంటాయి, మనం దానికి ఐదున్నర గంటలు ముందు. ‘రాత్రి 2కి బ్యాకప్’ అని క్రాన్‌లో రాసింది మన ఉదయం 7:30కి మొదలవుతుంది. ఇంకా ఇబ్బంది డెబియన్, ఉబుంటుల్లోని రోజువారీ క్రాన్. అనాక్రాన్ (సర్వర్ ఆగి ఉన్నప్పుడు తప్పిన పనులను తర్వాత నడిపేది) లేకపోతే దాని సమయం 6:25, అంటే మన లెక్కలో 11:55, సరిగ్గా ఆఫీసులన్నీ పనిలో ఉన్న సమయం. మధ్యాహ్నానికి ముందు రోజూ క్యాష్ చెదిరి డిస్క్ రీడ్స్ లేస్తుంటే, పీహెచ్‌పీని అనుమానించే ముందు ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ కొట్టి చూడండి. బ్యాకప్‌ను యూటీసీలో 20:30కి పెడితే మనకు రాత్రి 2 అవుతుంది.

అలర్ట్‌లు వేటి మీద పెట్టాలి? అవైలబుల్ మొత్తంలో 10 శాతం కన్నా దిగి 5 నిమిషాలు ఉంటే ఒకటి. ఎస్ఐ నిరంతరంగా కదిలితే ఒకటి. మూడోది అన్నింటికన్నా నమ్మదగినది, 4.20 కెర్నల్‌తో వచ్చిన ప్రెషర్ లెక్క. ప్రాక్ కింద ప్రెషర్ ఫోల్డర్‌లో మెమొరీ అనే ఫైలు తెరిస్తే సమ్ (కొన్ని), ఫుల్ (అన్నీ) అని రెండు వరసలుంటాయి. మెమొరీ కోసం ఎదురుచూస్తూ కనీసం ఒక పని ఆగిన సమయం ఎంత శాతమో సమ్ చెబుతుంది, పనులన్నీ ఆగిన సమయాన్ని ఫుల్ చెబుతుంది, 10, 60, 300 సెకన్ల సగటులతో. ఆరోగ్యంగా ఉన్న వెబ్ సర్వర్‌లో ఫుల్ సున్నాయే ఉండాలి. 60 సెకన్ల సగటు 5 దాటిందంటే జనం అప్పటికే రీఫ్రెష్ కొడుతూ ఉంటారు. రెడ్ హ్యాట్ తరహా కొన్ని సిస్టమ్‌లలో ఈ ఫైలు రావాలంటే బూట్ లైనులో పీఎస్ఐ=1 ఇవ్వాలి.

సర్వర్‌ను రీబూట్ చేసిన రోజు క్యాష్ ఖాళీగా ఉంటుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. ట్రాఫిక్‌ను పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక నాలుగు సర్వర్లుంటే, రీబూట్ అయినదాన్ని వెంటనే పూర్తి వాటాతో కలపకండి. ‘విఎంటచ్’తో సైటు కోడ్ ఫోల్డర్‌నూ, ఈ వారం ఫొటోల ఫోల్డర్‌నూ ముందుగా క్యాష్‌లోకి లాగండి. ముఖ్యమైన పేజీలను ఒక స్క్రిప్టుతో ఓసారి తెరిచి ఆప్‌క్యాష్‌ను నింపండి. ఆ తర్వాత పదో వంతు ట్రాఫిక్ ఇచ్చి, ఐఓస్టాట్‌లో రీడ్స్ మిగతా మూడు సర్వర్ల స్థాయికి దిగాకే మిగతాది వదలండి.